కుట్టు లోపలి తీగ

పెద్ద కంపెనీల బట్టలంటే నాకు మొదటి నుంచీ చిన్నచూపే. అద్దాల తలుపులు, చల్లటి గాలి, లేబుల్ మీద బంగారు అక్షరాలు తప్ప కుట్టులో మనకంటే గొప్ప ఏముంటుందిలే అనుకునేదాన్ని. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో ఇరవై ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నదాన్ని, ఆ మాత్రం పొగరు ఉండదా?

పోయిన మాఘంలో ఒక మధ్యాహ్నం అశోక్‌నగర్ నుంచి కొత్త పెళ్లికూతురు వచ్చింది. చేతిలో లెహంగా మీది బ్లౌజు. ఢిల్లీలో, ముంబైలో, దుబాయ్‌లో షోరూములున్న కంపెనీది. కొలతలిచ్చి ఆరు నెలలైందట. ఇప్పుడు హుక్కులు రెండు వేళ్ల దూరంలో ఆగిపోతున్నాయి. సాయంత్రం ఏడింటికి నారాయణగూడ ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. షోరూము వాళ్లు నాలుగు రోజులు కావాలన్నారట.

"నాతోని కాదు బిడ్డా. ఇది ఖరాబైతే ఏడికెళ్లి తెచ్చియ్యాలె?" అన్నాను.

"జర చూడక్కా. మూడు రోజుల సంది అన్నం తింటలేను. అయినా పడ్తలేదు," అంటూ స్టూలు మీద కూలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

నాకు ఒళ్లు మండింది. "బట్ట కోసం కడుపు మాడ్చుకుంటవా? దిమాక్ ఉందా?" అని తిట్టి, పక్క హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించి ముందు పెట్టాను. ఇంకా లావైతానని ప్లేటు పక్కకు నెట్టింది.

ఆ ప్లేటు చూసే ఒప్పుకున్నాను. లోపల బట్ట వదలకుండా కోసి ఉంటే ఇక చేసేదేమీ లేదు. భయపడుతూనే పక్క కుట్టు విప్పాను. అంగుళం బట్ట మడిచి ఉంది. అంతవరకు మేమూ వదులుతాం. కానీ పైనున్న పూలతీగ ఆ మడతలోకి కూడా వెళ్లింది. అదే దారం, అదే ఆకు, ఆకులో ఈనెలతో సహా. పూసలు మాత్రం లేవు, ఉంటే మిషన్ సూది విరుగుతుంది. వాటిని వేలెడంత గుడ్డసంచిలో పోసి, లైనింగుకు టాకా వేసి పెట్టారు.

ఎవరో, ఏ ఊళ్లోనో మగ్గం ముందు కూర్చుని, ఎవరికీ కనపడని అంగుళంలో తీగ అల్లారు. ఒకనాడు ఈ పిల్ల ఒళ్లు చేస్తుందని, నాలాంటిది ఒకతె కుట్టు విప్పుతుందని ముందే తలచుకున్నారు. ఆ బ్లౌజుకు రెండు చేతులెత్తి దండం పెట్టాను.

పిల్లను దగ్గరికి పిలిచాను. "చూడు. నువ్వు లావైతవని కుట్టినోళ్లకు ముందే ఎర్కే. నువ్వు తినాలనే ఇంత జాగ ఇడిశిన్రు."

ఆమె ఆ తీగను వేలితో నిమిరింది. తర్వాత చల్లారిపోయిన ఇడ్లీ ప్లేటు ఒళ్లోకి లాక్కుంది.

అటూ ఇటూ అరంగుళం చొప్పున వదిలి, బయటికొచ్చిన తీగ మీద పూసలు ఒక్కొక్కటే చేత్తో కుట్టాను. ఆరింటికి హుక్కులన్నీ పడ్డాయి. గట్టిగా ఊపిరి పీల్చమన్నాను. పీల్చి, నవ్వింది.

లోపల ఇంకో అరంగుళం మిగిలింది. కత్తిరిస్తే కుట్టు నున్నగా కూర్చుంటుంది. కత్తెర పట్టుకుని మళ్లీ పక్కన పెట్టాను. మిగిలిన పూసలను అదే సంచిలో పోసి, ఎక్కడిదక్కడే టాకా వేశాను. రేపు ఈ పిల్ల ఓ బిడ్డకు తల్లయి ఒళ్లు చేస్తే, ఇంకెవరో విప్పాలి కదా.