బిక్షమ్మ పొయ్యి ముట్టించని రోజు

మా మర్రిగూడలో ఎవరు పోయినా ముందు బిక్షమ్మకే కబురు వెళ్తుంది. ఆమె వచ్చి శవం కాళ్ల దగ్గర కూర్చుని శోకం తీస్తే గాని మిగతా ఆడవాళ్లకు ఏడుపు అందదు. పోయినవాళ్ల మంచీ చెడూ, వాళ్లు పెంచిన ఎద్దుల పేర్లూ అన్నీ ఆ పాటలోకి వస్తాయి. మగవాళ్లు సైతం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. ఆమె చేసేది పత్తి ఏరే కూలి పని.

అట్లాంటి మనిషి కూతురు రూప కరోనాలో పోయింది. దవాఖాన నుంచి మూట కట్టి ఇచ్చారు. పక్కింటి దాన్నైన నన్ను కూడా గడప దాటనివ్వలేదు. తోడు ఏడ్చే గొంతు లేక బిక్షమ్మ ఒక్కతే శోకం తీసింది. అప్పటి నుంచి ఏ పని చేస్తున్నా ఒకటే మాట: "నా బిడ్డకు నలుగురు ఏడ్వలేదు."

గోపీకృష్ణ మా ఊరివాడే. తల్లి కూలికి పోతే బిక్షమ్మ చేతి జొన్న గటక తిని పెరిగాడు, పట్నంలో సంగీతం నేర్చాడు. పోయినేడు కారులో వచ్చి ఆమె ముందు చాప మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, మాటల్లేని పాత సినిమా ఒకటి దొరికింది. చెడిపోయిన రీళ్లు బాగు చేసిన్రు. నల్లగొండల తెర మీద బొమ్మ ఆడుతాంటే మేం ముందట కూసోని వాయిస్తం. అండ్ల ఒక తల్లికి బిడ్డ పోతది. రూపకు తీసిన శోకం గక్కడ కావాలె."

"సావు లేకుండ శోకం తియ్యొద్దురా."

"హాలు హాలంతా రూప కోసం ఏడుస్తది పెద్దమ్మా. నా మీద ఒట్టు."

ఆ మాటకే ఆమె కరిగింది. ఇంట్లో తీస్తే కీడని వాణ్ణి పత్తి చేనుకు తీసుకుపోయి, ఊరికి వీపు పెట్టి పాడింది. వాడు ఫోన్‌లో ఎక్కించుకున్నాడు.

ఆట రోజు బిక్షమ్మ పొయ్యి ముట్టించలేదు. సావింట్లో ముట్టించరు కదా. రివాజు ప్రకారం నేనే అన్నం వండి తీసుకుపోయాను. పూలు పెట్టుకోకుండా, పాత చీరలు కట్టుకుని మా వాడకట్టు ఆడవాళ్లం ఆటో ఎక్కాం. "నా బాణీ రాంగనె అందుకోవాలె" అని ఆమె దారంతా చెప్పింది. సినిమాకు పోతున్నామని మాలో ఒక్కరికీ లేదు. ఆలస్యమైన సావుకు పోతున్నాం.

హాలులో పట్టుచీరలు, సెంటు వాసన. దీపాలు ఆరాయి. తెర మీద ఒక బక్క మనిషి మేకపోతు వెంట పడ్డాడు. అది తిరగబడి వాడి ధోవతి పట్టుకుంది. సరిగ్గా అప్పుడొచ్చింది బాణీ, ఫిడేళ్ల మీద, డోళ్ల మీద, ఉరుకులు పరుగులుగా. ఎంత ఉరికించినా మా బాణీ మాకు తెలియదా? ఎదురింటి అండాలు అందుకుంది. ఆమె వెనక మేమందరం అందుకున్నాం. హాలంతా పగలబడి నవ్వుతోంది, మేము రొమ్ములు బాదుకుని ఏడుస్తున్నాం. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి ఇంకా నవ్వారు. ఇది కూడా ఆటలో భాగమే అనుకున్నారేమో. బిక్షమ్మ ఒక్కతే ఏడవలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది.

తల్లికి బిడ్డ పోయే ఘట్టం ఆ తర్వాత వచ్చింది. అక్కడ ఒక్క వాయిద్యం కూడా మోగలేదు.

ఆట అయ్యాక గోపీకృష్ణ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"సూసినవా పెద్దమ్మా, నీ బాణీకే జనం ఎక్కువ నవ్విన్రు. సావు కాడ సప్పుడు లేకుంటెనే బాగుంటదని అందరన్నరు. గిది జర ఉరికిస్తే మేకపోతు కాడ మస్తు కుదిరింది. తెర మీద నీ పేరు గూడ ఏసినం."

చెప్పు తీసి మొహాన కొట్టాలని నా చెయ్యి దురద పెట్టింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చూశాను గాని, తిన్న ఇంటి సావుతో నవ్వులాట ఆడినవాణ్ణి చూడటం అదే మొదలు.

బిక్షమ్మ మెల్లగా అడిగింది, "ఒట్టు పెట్టినవ్ గదరా."

"అది గాదు పెద్దమ్మా..." అని వాడేదో చెప్పబోయాడు. ఇంతలో ఎవరో ఫోటోకు పిలిస్తే వెళ్లిపోయాడు.

మొన్న అండాలు పోయింది. కబురు అందగానే బిక్షమ్మ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. మేమందరం ఆమె నోటి వైపే చూస్తున్నాం. ఎంతసేపటికీ శోకం రాలేదు.

"తియ్యి బిక్షమ్మా. గంత మంది నవ్వుతున్నా నీ రూప కోసం ముందుగాల ఏడ్చింది ఆమెనే" అన్నాను.

"ఎట్ల తియ్యాలె" అంది బిక్షమ్మ. "నోరు తెరిస్తే గా నవ్వులే ఇనబడ్తున్నయ్."

ఎవరి ఏడుపు వాళ్లం ఏడ్చుకున్నాం. అండాలును శోకం లేకుండానే తీసుకుపోయారు.