శ్రీవల్లి ఇంట పాల పొంగు

అమెరికాలో, కమ్మింగ్‌కి కాస్త ఉత్తరాన ఒక చిన్న ఊరుంది. అక్కడ కరెంటూ నీళ్ళూ రెండూ ఊరి మునిసిపాలిటీయే ఇస్తుంది. రెంటికీ ఒకటే ఆఫీసు, ఒకటే కౌంటరు. అందులో కూర్చునే శ్రీవల్లి గొంతు, ఆ ఊళ్ళో ఇల్లు కొన్న మనవాళ్ళందరికీ తెలుసు. మనవాళ్ళ సంగతి చెప్పాలా! గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకుంటారు, పంతులుగారిని బుక్ చేస్తారు, అరటాకులు తెప్పిస్తారు. కరెంటు తమ పేరుకి మార్చుకోవడం మాత్రం మరిచిపోతారు. ఆదివారం పొద్దున పట్టుచీరలు కట్టుకుని, వెలగని ఎలక్ట్రిక్ పొయ్యి ముందు నిలబడి ఫోన్లు చేస్తారు.

అందుకే తెలుగు పేరు వినబడగానే శ్రీవల్లి ముందడిగే ప్రశ్న ఒకటే. "పాలు ఎప్పుడు పొంగిస్తున్నారండీ?" కనెక్షన్ ఆ ముందురోజుకే రాసి పెట్టేది. పక్క సీటు ట్యామీకీ నేర్పింది. ఆవిడ "మిల్క్ డే ఎప్పుడు?" అని అడిగితే కొందరు బిత్తరపోయేవారు.

అలాంటి శ్రీవల్లి ఏళ్ళ తరబడి అద్దె అపార్ట్‌మెంట్లలో గడిపి, చివరికి తనూ ఒక ఇల్లు కొనుక్కుంది. ఆదివారం పొద్దున ముహూర్తం. కొత్త గిన్నెలో పాలు పోసి పొయ్యి బటన్ నొక్కింది. వెలగలేదు. కుళాయి తిప్పింది. గుర్రుమని ఊరుకుంది.

"కనెక్షన్ పెట్టించలేదా?" అంది భర్త గోపాల్‌తో.

"నీ ఆఫీసే కదా, నువ్వు చేసుంటావనుకున్నా."

"పేపర్లన్నీ నువ్వే చూస్తున్నావుగా, అదీ చేశావనుకున్నా!"

"ఊరందరి ఇళ్ళల్లో దీపాలు పెట్టించావు కదే తల్లీ!" అంటూ అత్తగారు లీలావతి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీవల్లికి మాత్రం ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళు కలగన్న ఇంట్లో ముహూర్తం తన చేతులారా దాటిపోతోంది.

అప్పుడే, కొత్తగా కొన్న కుర్తా వేసుకుని, అతిథిగా వచ్చాడు వాళ్ళ ఆఫీసు లైన్‌మన్ డగ్. సంగతి విన్నాడు.

"నిన్నేమీ అడగను డగ్," అంది శ్రీవల్లి. "ఆదివారం తెగిన తీగలకే తప్ప కొత్త కనెక్షన్లకి మనుషులు రారు. ఎంతమందికి చెప్పానో నేనే."

"అడిగినా చెయ్యను," అన్నాడు డగ్. "కానీ నా ట్రక్‌లో క్యాంపింగ్ స్టవ్ ఉంది."

కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి స్టవ్ పెట్టాడు. కలశంలోకీ అతని ట్రక్‌లో ఉన్న క్యాన్ నీళ్ళే. పంతులుగారు మంత్రం చదివి వాటినే గంగ చేసేశారు. పాలు కాగి అంచుదాకా వచ్చాయి. డగ్ కంగారుగా మంట తగ్గించబోయాడు.

"వద్దొద్దు!" ఇంటిల్లిపాదీ ఒక్క అరుపు.

పాలు బుసబుసా పొంగి స్టవ్ అంతా కారిపోయాయి. తన స్టవ్ పాడైతే వీళ్ళంతా చప్పట్లు కొడతారేమిటో డగ్‌కి బోధపడలేదు. శ్రీవల్లి సంతోషం పట్టలేక, వెలగని లైట్ల కింద నిలబడి పకపకా నవ్వింది.

సోమవారం ఆఫీసు తెరవగానే ఆవిడ తన సీట్లో కూర్చోలేదు. సొంత కనెక్షన్ తనే రాసుకోకూడదని రూలు. కౌంటరు ఇవతల అందరితో పాటు లైన్లో నిలబడింది.

ట్యామీ కళ్ళజోడు సర్దుకుంది. ముఖంలో నవ్వన్నది లేకుండా, "మిల్క్ డే ఎప్పుడు మేడమ్?" అంది.

"నిన్న అయిపోయింది."

"ఆహా! ఇంటి ఓనర్ పేరు?"

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న అందరినీ తనే అడిగింది. ఇవాళ గొంతు సవరించుకుని, ఆఫీసంతా వినబడేలా, ఒక్కొక్క అక్షరమే విడదీసి తన పేరు చెప్పింది శ్రీవల్లి.