లారీ దారిలో ఉండగా ఊడ్చిన ఇల్లు

మా అత్త పోయి ఇరవై రోజులైంది. ఉదయం కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని అలాగే వెళ్లిపోయింది.

మా ఊరు తమిళనాడులో విరుదునగర్‌కు, కోవిల్‌పట్టికి మధ్య పెద్ద రోడ్డు పక్కనే ఉంది. ఈ ఏడు మా ఆయన టిప్పర్ లారీ తోలే పనిలో కొత్తగా చేరాడు. విరుదునగర్ అవతల క్వారీలో కంకర ఎత్తుకుని కోవిల్‌పట్టిలో దించి రావాలి. రోజుకు మూడు నాలుగు లోడ్లు, అన్నీ మా ఇంటి ముందు నుంచే. మామ ముప్పై ఏళ్లు దూరపు లారీలు తోలి, హోటలు తిండితో కడుపు చెడి కన్నుమూశాడు. కొడుకైనా వేడి అన్నం తినిపోతాడని అత్త మురిసిపోయింది.

ఆ వేడి అన్నమే నన్ను ఇంటికి కట్టేసింది. లారీ ఏ వేళకు వస్తుందో తెలియదు. వస్తే పది నిమిషాలే ఆగుతుంది. పైగా అత్తకు ఒక పట్టింపు ఉండేది. బయలుదేరినవాడు చేరేదాకా ఇల్లు ఊడవకూడదు, పొరక ముట్టకూడదు. మామ నెలకొకసారి బయలుదేరేవాడు కాబట్టి ఆమెకు జరిగింది. మా ఆయన రోజంతా బయలుదేరుతూనే ఉంటాడు. మీకు నవ్వు రావచ్చు, నాకు ఏడుపొచ్చేది.

"ఎప్పుడు ఊడ్చేది అత్తా?"

"వాడు దించినాడని ఫోను రానీ."

"దించిన వెంటనే మళ్లా బయలుదేరుతాడు గదా."

"ఆ సందులో ఊడ్చెయ్. అంతకు నీకు చెయ్యి ఆడదా?"

పక్కింటి వదిన తొంగి చూసి, "ఏం పెద్దమ్మా, క్వారీ మీ ఇంట్లోనే ఉండాదా?" అని నవ్వేది.

"నీ మొగుడు ఇంట్లోనే పడుండాడు. నువ్వు దినానికి పదిసార్లు ఊడ్చుకో పో," అనేది అత్త.

ఆమె చెవులు ఎప్పుడూ రోడ్డు మీదే. గేరు మార్చే చప్పుడుకే "అదో, మనోడు. కూడు పెట్టు" అనేది. ఒక్కసారీ తప్పలేదు.

కోవిల్‌పట్టిలో బట్టలు కుట్టే కంపెనీ వ్యాను మా ఊరికి వస్తుంది. అందులో పనికి వెళ్లాలని నాకు ఆశ. అడగడానికి నోరు రాలేదు. వ్యాను పోయేటప్పుడు తలుపు చాటున నిలబడి చూసేదాన్ని. అత్త అది గమనించింది కాబోలు. ఒకరోజు మా ఆయన లోడుతో దారిలో ఉండగా, పొరక తీసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ ఇల్లంతా ఊడ్చింది. నేను భయపడి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"వాడు దారిలో ఉండాడు అత్తా."

"ఉండనీ. నేను ముప్పై ఏండ్లు ఊడ్చకుండా కూచుంటే మీ మామ కడుపు బాగుపడిందా? రేపటి నుంచి వ్యానెక్కు. కూడు నేను పెడతా."

అని, గోడకు ఆనుకుని రోడ్డు వైపే చెవి పెట్టి కూర్చుంది. లారీ చప్పుడు వినిపించేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

రెండు నెలలు వ్యానెక్కాను. ఆ మోకాళ్లతోనే ఆమె రోడ్డు దాకా గిన్నె మోసింది.

కర్మ అయిన మరునాడు మా ఆయన, "ఇంక నువ్వే ఇంట్లో ఉండాల గదా," అన్నాడు. కోపంగా కాదు, నేల చూస్తూ.

ఈ ఉదయం పెందలాడే లేచి, తను లారీలోనే తినేలా, నేను వ్యానెక్కేలా, అన్నం వండి కారియర్ కట్టాను. చేతికిస్తే వద్దంటాడని భయమేసి, తలుపు పక్క కమ్మీ పట్టుకుని నేనే లారీ ఎక్కాను. ఆ లారీ ఎక్కడం అదే మొదలు. కారియర్ సీటు పక్కన పెట్టి తలెత్తితే, ముందు అద్దంలోంచి రోడ్డు ఎంతో దూరం కనిపించింది. మా ఆయన కింద తలుపు పట్టుకుని నిలబడ్డాడు. సరే అనలేదు. కారియర్ దించమనీ అనలేదు. ఇంజను ఆడుతూ ఉంది.