సెట్‌టాప్ బాక్సులో అక్షింతలు

వారం రోజులుగా మా సెట్‌టాప్ బాక్సు గరగరమంటూ పావుగంటకే వేడెక్కి ఆగిపోతోంది. కస్టమర్ కేర్ చెప్పినట్టల్లా ఆపి ఆన్ చేశాను, దుమ్ము ఊదాను. లాభం లేక ఈరోజు ఎండలో వన్‌టౌన్ దాకా మోసుకెళ్లాను. రిపేరు షాపాయన మూత విప్పి, లోపలి చిన్న ఫ్యాన్ రెక్కల్లోంచి పసుపు పట్టిన బియ్యపు గింజలు ఏరి బల్ల మీద పెట్టాడు.

"దసరాకి దీనికి కూడా పూజ చేశారాండీ?" అన్నాడు.

"మా అమ్మండీ. కరెంటుతో నడిచే ప్రతిదానికీ చేస్తుంది."

"చేయనివ్వండి. అక్షింతలు మాత్రం గాలి కన్నాల మీద వేయొద్దనండి."

ఇంటికొచ్చి బాక్సు బిగించి, ఆ మాటే అమ్మకు చెప్పాను. శ్రద్ధగా వింది. "పోనీలేరా, బాగయి వచ్చింది" అంటూ అక్షింతల గిన్నె తేవడానికి దేవుడి గదిలోకి వెళ్లింది.

ప్రస్తుతం బాక్సుకి అడ్డంగా నిలబడి ఇది టైపు చేస్తున్నాను. మీ ఇళ్లలో ఏం చేస్తారో త్వరగా చెప్పండి, ఆవిడ వచ్చేస్తోంది.