దర్వాజ ముందు రెండు గుంజలు

నాకు మనుషుల మీద అనుమానం ఎక్కువ. పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగం నేర్పిందో చెప్పలేను. శంషాబాద్ నుంచి తుక్కుగూడ పోయే దారిలో కడుతున్న ఒక పెద్ద గోదాముకు నేను సేఫ్టీ సూపర్‌వైజర్‌ని. పైన పనిచేసేవాళ్లు బెల్టు కట్టుకుంటే సరిపోదు నాకు. దాని కొక్కెం దేనికైనా తగిలించారా, నన్ను చూసి ఊరికే వేలాడేసుకున్నారా అని మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాను. "ఏం కాదు సార్" అన్నవాణ్ణి ఆ రోజుకి గేటు బయటికి పంపుతాను. పద్నాలుగేళ్ల సర్వీసులో నాకొక సొంత సిద్ధాంతం ఏర్పడింది. ప్రాణానికి భయపడనివాడు పనికీ భయపడడు. అంచు మీద బెల్టు లేకుండా తిరిగేవాడు నాలుగు మేకులు కొట్టాల్సిన చోట రెండే కొడతాడు. ఈ సిద్ధాంతం మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

అందుకే మా ఊళ్లో సొంత ఇల్లు మొదలుపెట్టి, మా అన్న కుదిర్చిన సెంట్రింగ్ మేస్త్రిని మొదటిసారి చూసినప్పుడు గుండెలో రాయి పడింది. స్లాబు పోసే ముందు కింద గుంజలు నిలబెట్టి, పైన రేకులు పరిచే మనిషి అతను. జానెడు వెడల్పు చెక్క మీద, ఒంటికాలి కొంగలా, ఫోన్లో మాట్లాడుకుంటూ నిలబడి ఉన్నాడు.

"బెల్టు కట్టుకో మేస్త్రీ" అన్నాను.

"ఇది నీ కంపెనీ గాదన్నా, ఇల్లు. పద్దెనిమిదేండ్ల సంది గిట్లనే నడుస్తున్న, ఏం కాలే" అని నవ్వాడు.

ఆ రోజు నుంచి నేను అతని వెంటపడ్డాను. ప్రతి గుంజనూ కాలితో తన్ని చూశాను. గుంజకూ గుంజకూ మధ్య దూరం టేపు పెట్టి కొలిచాను. అతనికి కోపం రాలేదు. "పిల్లనిచ్చేటోడు గూడ ఇంతగనం అడగడన్నా" అనేవాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. దొరకకపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. కనబడకుండా ఎక్కడ దాచాడో అనుకున్నాను. ఆ మాట ఇంట్లో, ఊళ్లో, గోదాములో కనబడిన ప్రతివాడికీ చెప్పాను.

మేస్త్రికి నాతో ఒక అవసరం ఉంది. మా గోదాములో స్టోర్‌ చూసే పెద్దమనిషి బుద్వేల్‌లో మూడంతస్తుల ఇల్లు కట్టబోతున్నాడు. "నువ్వు సరే అంటె సెంట్రింగ్ పని మీ మేస్త్రికే ఇస్త" అని నాతో అన్నాడు. మేస్త్రికి ఈ సంగతి తెలుసు. "ఒక్క మాట మంచిగ చెప్పన్నా. వానకాలమంత మా ఆరుగురికి పని దొర్కుతది. లేకుంటె ఇంట్ల కూసునుడే" అన్నాడు. "ముందు నా ఇల్లు నిలబడనియ్" అన్నాను.

స్లాబు బాగానే పడింది. ముందువైపు బాల్కనీ మాత్రం కింద పిల్లర్ లేకుండా నాలుగడుగులు బయటికి ఉంది. కాంక్రీటు గట్టిపడేదాకా దాని బరువంతా తొమ్మిది గుంజల మీదే. "ఇవి మాత్రం ఎవ్వరు ముట్టద్దు. నేను చెప్పేదాంక ఉండాలె" అని మేస్త్రి మరీమరీ చెప్పాడు. నేను నమ్మలేదు. నేను డ్యూటీకి పోగానే వీటిని పీకి ఇంకో ఇంటికి తీసుకుపోతాడని నా లెక్క. తొమ్మిదింటి మీదా ఎర్ర పెయింటుతో నంబర్లు వేశాను. గోదాము నుంచి రోజుకు రెండుసార్లు మా ఆవిడకు ఫోన్ చేసి ఉన్నాయా అని అడిగేవాణ్ణి.

"నీ గుంజలు ఎవ్వరెత్తుకపోతరు? నన్నన్న ఎప్పుడన్న గిన్నిసార్లు అడిగినవా?" అంది ఆమె.

పిల్లర్ల ఇల్లు కాబట్టి స్లాబు అయ్యాకే గోడలు, దర్వాజ. దర్వాజ నిలబెట్టే ముహూర్తం స్లాబు పోసిన పన్నెండో రోజున కుదిరింది. ముందురోజు సాయంత్రం పంతులు వచ్చి చూసి, నన్ను పక్కకు పిలిచి నొసలు చిట్లించాడు. నాలుగు, ఐదు నంబర్ల గుంజలు సరిగ్గా దర్వాజకు ఎదురుగా ఉన్నాయి. "గుమ్మానికి ఎదురుగా స్తంభం ఉండకూడదండీ. ఇంటి యజమానికి మంచిది కాదు. పూజ అయ్యేంతవరకు తీసేయండి" అన్నాడు.

యజమాని అంటే నేనే. హెల్మెట్‌ను, బెల్టును, మేస్త్రిని, సిమెంటు బస్తాను అనుమానించిన నేను ఈ ఒక్క మాటను అనుమానించలేదు. మేస్త్రికి ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే వద్దంటాడని తెలుసు. అందుకే చేయలేదు.

తెల్లవారి చుట్టాలు రాకముందే, నేనొక్కణ్ణే సుత్తె పట్టుకుని రెండు గుంజల కింది చెక్కముక్కలు కొట్టేశాను. గుంజలు వదులై చేతిలోకి వచ్చాయి. తలెత్తి చూశాను. ఏమీ జరగలేదు. "అరగంటే గద, ఏం కాదు" అని పైకే అన్నాను.

అరగంట రెండున్నర గంటలైంది. అందరి కళ్లూ పూలు, పసుపు, మామిడాకుల మీదే ఉన్నాయి, ఆ ఖాళీని ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో మా మేనత్తలు, వాళ్ల కోడళ్లు పైన ఎట్లుందో చూస్తామని మెట్లెక్కి బాల్కనీ మీద నిలబడ్డారు. దిగండి దిగండి అని అరిచాను. "మొదలాయె వీని అనుమానం" అని నవ్వుకుంటూ, ఫొటోలు దిగి మరీ కిందికి వచ్చారు.

పూజ కాగానే గుంజలు మళ్లీ నిలబెట్టబోయాను. అవి పట్టలేదు. రెండూ వేలెడు పొడుగైనట్టున్నాయి. గుంజ పెరగదు కదా! పైన బాల్కనీయే కిందికి దిగింది. కింద పలుచటి చెక్కముక్కలు పెట్టి, కొట్టి బిగించాను. మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి వచ్చాడు. మేం పెట్టిన కొత్తబట్టలు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు స్లాబు మీద నీళ్లు నిలిచాయో లేదో చూడడానికి వచ్చిన మేస్త్రి పైనుంచి నన్ను పిలిచాడు. బాల్కనీ ఇంటిని అంటుకునే చోట ఈ చివరి నుంచి ఆ చివరికి పగులు. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని అందులో గోరు పెట్టి చూశాడు. జానెడు చెక్క మీద నిలబడి నవ్వినవాడు పరుగున కిందికి దిగి ప్రతి గుంజ మొదట్లో మట్టిని వేళ్లతో గీకాడు.

"మొన్న వాన వడ్డది గదన్నా, కింద మన్ను దిగినట్టుంది. ఇంకింత పెద్ద పలక వెయ్యాలె నేను. నాదే తప్పు" అన్నాడు.

గుంజలు నేనే తీశానని చెప్పబోయాను. అంతలో మా అన్న వచ్చి అతణ్ణి నోటికి వచ్చినట్టు తిట్టాడు. "మావోడు మొదటి సందే చెప్తుండె" అన్నాడు. ఇంటిల్లిపాదీ అవునన్నారు. ఇన్ని రోజులూ నేను చాటిన అనుమానం చాలు, వేరే సాక్ష్యం ఎవరికీ అవసరం లేకపోయింది. నేను నోరు మూసుకున్నాను. అంత పిరికివాణ్ణని నాకు అప్పటిదాకా తెలియదు.

మేస్త్రి తన మనుషులతోనే బాల్కనీ కొట్టేసి మళ్లీ పోశాడు. ఆ రోజుల్లోనే స్టోర్ పెద్దమనిషి గోదాము గేటు దగ్గర ఆపి అడిగాడు. "పగుల్లిచ్చిందట గద. ఏం జేయమంటవ్, ఇయ్యాల్నా?" ఇవ్వమంటే పగులెందుకు వచ్చిందో చెప్పాలి. చెబితే సేఫ్టీ సూపర్‌వైజర్‌గా ఆ గేటు దగ్గర మళ్లీ ఎట్లా నిలబడను?

"జర చూస్కో" అన్నాను.

గుంజలన్నీ విప్పిన రోజు మేస్త్రి వాటిని ట్రాక్టర్‌లో వేసుకుని, నా దగ్గరికి వచ్చాడు.

"బుద్వేల్ పని వేరేటోళ్లకు వొయిందన్నా. ఎవరో చెడగొట్టిన్రు. నువ్వైతె అట్ల చెప్పవ్ తియ్" అన్నాడు.

ఎత్తిపొడుపేమోనని అతని మొహంలోకి చాలాసేపు చూశాను. కాదు. నన్ను నమ్మాడు.