టచ్ స్క్రీన్‌కు మొట్టికాయ

రెండేళ్లు ఆర్డర్లు లేక మూతపడ్డ మా కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో ఈ రోజు మళ్లీ మనుషులను తీసుకున్నాం. ఇప్పుడు తాళ్లు అడిగేవాళ్లు తగ్గారు. కొబ్బరి పొట్టును దిమ్మలుగా నొక్కే కొత్త యంత్రం వచ్చింది. దాన్ని టచ్ స్క్రీన్‌తో నడపాలి. వచ్చినవాళ్లు దాన్ని నడపగలరో లేదో పరీక్ష పెట్టే పని నాకు తగిలింది.

పాతికేళ్లు మా దగ్గర తాళ్లు పేనిన సత్యవతి గారు వచ్చి పచ్చ బటన్ నొక్కారు. స్క్రీన్ ఉలకలేదు. మళ్లీ నొక్కారు. ఊహూఁ. తాళ్లు పేనీ పేనీ కాయలు కాచిన ఆ వేళ్లను యంత్రం గుర్తుపట్టడం లేదు.

"పోనీ ఇంకేదైనా పని చూద్దామండి" అన్నాను.

"ఉండండి బాబూ. మాట వినని పిల్లల్ని ఏం చేస్తామండి?" అంటూ ఆవిడ వేలు మడిచి, బటన్ మీద ఠపీమని ఒక మొట్టికాయ వేశారు. యంత్రం బుద్ధిగా కదిలింది!

వెనక వరసలో నిలబడ్డ ఐటీఐ కుర్రాళ్లు ముగ్గురూ తమ వంతు కోసం అప్పుడే వేళ్లు మడుచుకున్నారు.

సత్యవతి గారి ఫారంలో 'కంప్యూటర్ పరిజ్ఞానం' అన్న చోట 'మొట్టికాయ' అని రాసి సంతకం పెట్టేశాను. రేపు ఓనరు గారు చూస్తారు. ఈలోగా ఇంతకన్నా గౌరవంగా ఉండే మాట ఏదైనా ఉంటే చెప్పి పుణ్యం కట్టుకోండి.