చదివి వినిపించే గండయ్య వకీలు

మా సీనియర్ గండయ్య గారికి ఒకటే జబ్బు. కంటబడిన ప్రతి అక్షరాన్నీ పైకి చదివేవారు. మనసులో చదువుకోవడమనే విద్య ఒకటుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. అగ్గిపెట్టె చేతికొస్తే లోపల పుల్లలెన్నో చదివాకే బీడీ వెలిగించేవారు. పెళ్లిపత్రిక వస్తే వధూవరుల పేర్లతో ఆగకుండా అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు దాకా వెళ్లేవారు. చదవడం కాగానే ఎదురుగా ఎవరుంటే వాళ్లను "ఇన్నవా? ఒప్పుకున్నవా?" అని అడిగేవారు. ఎవరి పెళ్లో మనం ఒప్పుకునేదేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

నిజానికి ఈ మాటలు ఆయన సొంతం కావు. చదువురాని వాళ్ల కాగితాల అడుగున ఒక వాక్యం ఉంటుంది: 'పై సంగతులు చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకొని వేలిముద్ర వేసినది.' ఆ వాక్యం రాయని వకీలు లేడు. రాసినట్టు చేసే వకీలు మాత్రం మేడ్చల్ మొత్తానికి ఒక్కడున్నాడు. ఆ ఒక్కడూ నా పాలిట పడ్డాడని 1997లో నేను చాలాసార్లు ఏడ్చాను.

ఆ రోజుల్లో ఒక రూలు ఉండేది. లా పాసైనవాళ్లు తిన్నగా నల్లకోటు తొడుక్కోవడానికి లేదు. అనుభవమున్న వకీలు దగ్గర ఏడాది శిక్షణ పొంది, ఆయన సర్టిఫికెట్ ఇస్తేనే బార్ కౌన్సిల్ మన పేరు ఎక్కించుకునేది. తర్వాత ఆ రూలును కోర్టువారు కొట్టేశారు గానీ, నా విషయంలో కాస్త ఆలస్యంగా కొట్టేశారు. మా నాన్నగారు యజ్ఞనారాయణ గారిది ఏలూరు. సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం మీద వచ్చి యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. సిటీలో పెద్ద వకీళ్లు ట్రైనీల చేత ఫైళ్లు మోయిస్తారని, చిన్న ఊళ్లో అయితే పని నేర్పుతారని ఎవరో చెబితే విని, నన్ను మేడ్చల్ బస్సెక్కించారు.

మొదటిరోజే గండయ్య గారు నా మార్కుల లిస్టు తీసుకుని ఆఫీసు వరండాలో నిలబడి చదివారు. కక్షిదారులు, దారిన పోయేవాళ్లు, ఎదురుగా టీ బండి దగ్గరున్నవాళ్లు అందరూ విన్నారు.

"కుమారి సీతామహాలక్ష్మి. రాజ్యాంగ చట్టం, యాభై ఒకటి. ఇన్నవా బిడ్డా? ఒప్పుకున్నవా?"

ఒప్పుకోక చస్తానా? ఆ రోజు నుంచి టీ బండి ఆయన నన్ను 'యాభై ఒకటి మేడమ్' అనే పిలిచాడు.

ఆఫీసులో నేను కాక ఇంకొకరే ఉండేవారు, గుమాస్తా ఓదెలు. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ భుజాన గుడ్డసంచీ. ఏ కేసు ఏ తారీఖుకు పడిందో, ఏ పొలం సర్వే నంబరెంతో, పదేళ్ల నాటివి కూడా నోటికి చెప్పేవాడు. ఆయనకున్న లోపం ఒక్కటే, మతిమరుపు. అదీ కళ్లద్దాల విషయంలోనే. ఏ కాగితమిచ్చి చూడమన్నా "అద్దాలు ఇంట్ల మర్చిన మేడమ్, జెర మీరే సదువుండ్రి" అనేవాడు. నేనున్న ఏడాదిలో ఆ అద్దాలు దుండిగల్‌లోని వాళ్ల ఇల్లు దాటి రాలేదు.

గండయ్య గారి జబ్బు కోర్టులో మరీ ముదిరేది. ఒకసారి ఆయన దావా మొత్తం గొంతెత్తి చదువుతుంటే మున్సిఫ్ గారు విసిగిపోయారు.

"గండయ్య గారూ, నాకు చదువొచ్చండీ."

"మీకు వచ్చు సార్. మా పార్టీకి రాదు. ఏం అడుగుతున్ననో ఆయనకు తెల్వాలె గద."

ఇంకోసారి కోర్టు ప్రహరీ దగ్గర ఒక పెద్దమనిషి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గోడ మీద ఇంతింత అక్షరాలున్నాయి. గండయ్య గారు ఆయన వెనకే నిలబడి "ఇచ్చట మూత్రము పోయరాదు. ఆజ్ఞ మీరినవారు శిక్షార్హులు" అని నిదానంగా చదివారు. ఆ మనిషి హడలిపోయి, సగంలో ఆపుకుని, "నాకు సదువు రాదు సారూ" అన్నాడు.

"అందుకే సదువుతున్న. ఇన్నవా? ఒప్పుకున్నవా?"

వీటన్నిటికన్నా నా పరువు తీసింది బస్టాండు. సాయంత్రం ఓదెలు దుండిగల్‌కు, నేను యాప్రాల్‌కు బయల్దేరేవాళ్లం. గండయ్య గారి ఇల్లు ఆఫీసు వెనకే. అయినా పాన్ కోసమని మాతోపాటు బస్టాండు దాకా నడిచొచ్చేవారు. పాన్ డబ్బా ఆఫీసు పక్కనా ఒకటుంది. అక్కడ నిలబడి వచ్చిన ప్రతి బస్సు బోర్డూ చదివేవారు. "శామీర్‌పేట! సికింద్రాబాద్! దుండిగల్!" కొత్తవాళ్లు ఆయన్నే కండక్టరనుకుని టికెట్ అడిగేవారు. నేను పదడుగుల దూరం జరిగి, ఈయనెవరో నాకు తెలియనట్టు ఆకాశంలోకి చూసేదాన్ని.

నా ఏడాది పూర్తయ్యే వారం వచ్చింది. శనివారంలోగా సర్టిఫికెట్‌తో దరఖాస్తు ఇవ్వాలి. అది తప్పితే మళ్లీ నెలల తరబడి ఆగాలి. నాన్నగారు క్యాలెండర్‌లో ఆ శనివారం చుట్టూ ఎర్రగీత గీశారు. సర్టిఫికెట్ ఇచ్చేముందు గండయ్య గారు నా శిక్షణ డైరీ పూర్తిగా చదువుతానన్నారు. పైకే అని వేరే చెప్పాలా?

గురువారం ఆయనకు సిటీలో పని పడింది. వెళ్తూ సుక్కమ్మ కేసు నాకు అప్పగించారు. సుక్కమ్మది శామీర్‌పేట దగ్గర రెండెకరాలు. ప్లాట్లు చేసి అమ్మే పరమేశ్ అనే అతను, ఆ భూమి తనకు అమ్మేసిందని చెప్పి చుట్టూ హద్దు రాతికడీలు పాతించాడు. ఆమె అమ్మలేదు. శుక్రవారం పదిన్నరకు కోర్టులో విచారణ. ఆమె తరఫున అఫిడవిట్ తయారుచేసి వేలిముద్ర తీసుకోవాలి.

"మన పేపర్ తెలుగుల ఉండాలె. చెప్పేది సుక్కమ్మ. ఆమెకు రాని భాషల ఆమె ఎట్ల చెప్తది? సదివి ఇనిపించు బిడ్డా" అన్నారు, ఏడాదిలో వెయ్యోసారి.

నేను రాసిచ్చాను. కోర్టు ముందు కూర్చునే జనార్ధన్ తెలుగు మిషన్ మీద టైపు కొట్టాడు. తెచ్చేసరికి మూడైంది. మూడుంబావు బస్సు దొరక్కపోతే బార్ కౌన్సిల్ ఫారాల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఆరోజుకు దొరకదు. నాలుగు పేజీలు. రాసింది నేనే, అందులో ఏముందో నాకు తెలియదా? సుక్కమ్మ బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్దాను.

"ఏమున్నది బిడ్డా గిండ్ల?" అంది సుక్కమ్మ.

"నువ్వు చెప్పిందే అవ్వా" అన్నాను.

అడుగున 'చదివి వినిపించగా విని' అని రాసి, చదివి వినిపించినవారి చోట నా సంతకం పెట్టాను. కాగితం ఓదెలు చేతిలో పెట్టి, పొద్దున్నే కోర్టులో వేసెయ్యమని చెప్పి, బస్సు వైపు పరుగెత్తాను. ఆ రాత్రి డైరీలో 'సుక్కమ్మకు అఫిడవిట్ చదివి వినిపించితిని' అని రాసుకున్నాను కూడా.

శుక్రవారం ఎనిమిదిన్నరకు వెళ్లేసరికి వరండా నిండుగా ఉంది. సుక్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఓదెలు సంచీ గుండెకు హత్తుకుని నిలబడకుండా కూర్చోకుండా ఉన్నాడు. గండయ్య గారు నా డైరీ అందుకుని చదవడం మొదలుపెట్టారు. నేను ఏ పూట నిద్రపోయానో, ఏ మాటకు ఏ స్పెల్లింగ్ తప్పు రాశానో టీ బండికి తెలిసిపోయింది. చివరి పేజీకొచ్చారు.

"సుక్కమ్మకు అఫిడవిట్ సదివి వినిపించితిని. షాబాష్. ఓదెలూ, కోర్టుల ఏసినవా?"

"ఎయ్యలే సార్."

నాకు ఒళ్లు మండింది. "నిన్న చెప్పాను కదా ఓదెలూ! ఇంకో గంటలో విచారణ పెట్టుకుని ఇంకా వెయ్యలేదా?"

"గీ కాయితం నా సెవుల పడలే మేడమ్" అన్నాడు ఓదెలు, తల వంచుకుని. "సెవుల పడంది నేను ఎన్నడూ ఎయ్యలే."

"చెవులేమిటి? ఏడాదిగా చూస్తున్నాను, రోజూ కళ్లద్దాలు మర్చిపోవడమేనా! అనుమానముంటే నువ్వే ఒకసారి చదివి చూసుకోవచ్చుగా!"

వరండాలో అందరూ ఓదెలు వైపు చూశారు. ఆయన తల ఇంకా కిందికి పోయింది. అప్పుడు గండయ్య గారు ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నారు.

"వాని మీద కోపం జేయకు బిడ్డా. వాని అద్దాలు నేనే తొక్కి పలగ్గొట్టిన."

"ఎప్పుడు సార్?"

"ఇరవై ఏండ్లాయె."

నేను లెక్క వేసుకున్నాను. ఇరవై ఏళ్లుగా అద్దాలు లేని మనిషి, ఇరవై ఏళ్లుగా పక్కన నిలబడి ప్రతి అక్షరం పైకి చదివే మనిషి. ఫైలు కట్ట మీద పేరు, కోర్టు నోటీసు బోర్డు, సాయంత్రం బస్సు బోర్డు. ఇంత చిన్న లెక్క నాకు ఏడాది పట్టింది. నాకు చాలా సిగ్గేసింది.

గండయ్య గారు నన్ను చూడకుండా అఫిడవిట్ తీసుకుని చదవసాగారు. రెండో పేజీలో సగం దాకా సాఫీగా పోయింది.

"నేను ప్రతివాదికి అమ్మిన రెండెకరాల భూమిలోకి..."

"అయ్యో! నేనెప్పుడు అమ్మిన్నయ్యా!" సుక్కమ్మ కేక వేసి లేచి నిలబడింది. "ఎవలు రాసిండ్రు గా మాట? నేను అమ్మలే, నాయినా!"

నేను కాగితం లాక్కుని చూశాను. నేను రాసింది 'అమ్మని' అని. జనార్ధన్ కొట్టింది 'అమ్మిన' అని. ఒక్క గుడి 'న' మీద నుంచి పక్కనున్న 'మ్మ' మీదికి జరిగింది. దాంతోపాటు సుక్కమ్మ రెండెకరాలూ పరమేశ్ వైపు జరిగాయి. కింద ఆమె వేలిముద్ర, దాని పక్కన నా సంతకం.

"గుడి జరిగింది సార్" అన్నాను.

"మా పోశమ్మ గుడి గూడ జరిపిండ్రా!" అంది సుక్కమ్మ, గుండె మీద చెయ్యేసుకుని.

ఎవరూ నవ్వలేదు. నేను జనార్ధన్ దగ్గరికి పరుగెత్తాను. మిషన్ ముందు నిలబడి ఆ పేజీ మళ్లీ కొట్టించాను. పది దాటి అయిదు నిమిషాలకు వరండాలో నిలబడి నాలుగు పేజీలూ గొంతెత్తి చదివాను. సుక్కమ్మ వింది. ఓదెలు కళ్లు మూసుకుని విన్నాడు. 'అమ్మని' దగ్గర నేను ఆగి, ఆ మాట రెండుసార్లు చదివాను.

"ఇన్నవా అవ్వా? ఒప్పుకున్నవా?" అని నా నోటినుంచే వచ్చింది.

"గిప్పుడు ఒప్పుకున్న" అని సుక్కమ్మ తనంతట తానే బొటనవేలు ప్యాడ్ మీద పెట్టింది.

ఓదెలు కాగితం అందుకుని కోర్టు వైపు ఎంత వేగంగా వెళ్లాడంటే, చూసినవాళ్లెవరూ ఆయనకు యాభై దాటాయని అనుకోరు. మధ్యాహ్నానికి పరమేశ్ ఆ భూమిలో అడుగుపెట్టకూడదని ఆర్డరు వచ్చింది.

సాయంత్రం నేను డైరీ తీసి గురువారం నాటి వాక్యం కొట్టేశాను. దాని కింద 'చదవకుండానే చదివితినని రాసితిని. శుక్రవారం చదివితిని' అని రాసి గండయ్య గారి ముందు పెట్టాను. సర్టిఫికెట్ ఇవ్వరనే అనుకున్నాను. ఆయన ఆ రెండు ముక్కలూ పైకి చదివి, కలం తీశారు.

"ఇగ డైరీల అబద్దం లేదు. సంతకం పెడత."

ఓదెలు బయట సంచీ సర్దుకుంటున్నాడు. నేను గొంతు తగ్గించి అడిగాను. "సార్, ఆయనకు అక్షరాలు మనమే నేర్పొచ్చు కదా?"

"షురూ జేసిన బిడ్డా, ఎన్నడో. సిగ్గుతోని నాలుగు దినాలు పనికే రాలే. ఎవలన్న అడుగుతరని పరేషాన్. గా సిగ్గు పోగొట్టుడు నాతోని గాలే." సర్టిఫికెట్ మీద ముద్ర వేస్తూ అన్నారు, "మనకు నోరుంది గద. సదివితే ఏం పాయె?"

తర్వాత వరండాలోకి వచ్చి సర్టిఫికెట్ మొత్తం చదివారు, తన రిజిస్ట్రేషన్ నంబరుతో సహా. "ఇన్నవా? ఒప్పుకున్నవా?"

"విన్నాను సార్. ఒప్పుకున్నాను."

"యాభై ఒకటి మేడమ్ పాసయింది!" అని టీ బండి ఆయన ఊరంతటికీ చాటాడు.

ముగ్గురం బస్టాండుకు నడిచాం. గండయ్య గారు పాన్ నోట్లో పెట్టుకున్నారు. అది ఇంకా నమలడం మొదలుపెట్టకుండానే దుమ్ము లేపుకుంటూ ఒక బస్సు వచ్చి ఆగింది. ఆయన నోరు తెరవలేక చెయ్యి ఊపారు. ఓదెలు బోర్డు వైపు కాకుండా మా ఇద్దరి వైపు చూశాడు.

నేను పదడుగుల దూరంలో లేను. ఆయన పక్కనే ఉన్నాను.

"దుండిగల్!" అన్నాను.

గండయ్య గారు పాన్ ఒక బుగ్గకు నెట్టుకుని, "జెర గట్టిగ సదువు బిడ్డా. ఎనుకున్నోళ్లకు ఇనవడాలె" అన్నారు.

గొంతు చించుకుని "దుండిగల్!" అని అరిచాను. ఎక్కడో వెనక మూట పెట్టుకుని కూర్చున్న ముసలామె ఒకతె ఉలిక్కిపడి లేచి, పరుగున వచ్చి ఎక్కింది. ఆమె వెనక ఓదెలు ఎక్కాడు. మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, సంచీ సర్దుకుని, నా వైపు చూసి నవ్వాడు.

"ఇన్న మేడమ్. ఒప్పుకున్న."